నోరు పండని సున్నం

మామకు, మత్తిగిరి నుంచి కోడలు నేత్ర దండాలు. అత్తమ్మ మీ ఫోను ఎత్తడం లేదని కంగారు పడకండి. మనిషి గుండ్రాయిలా ఉంది, కోపమే మీ మీద. ఫోనులో చెబుదామంటే పక్కనే కూర్చుంటుంది, అందుకే ఈ కార్డు.

ఆదివారం అంచెట్టి వైపు సున్నపురాయి కొండ చూడడానికి పోయాం. రాతి పొరలు దోసెల దొంతరలా ఉన్నాయి. గైడు వాటి వయసు చెబుతుంటే, అత్తమ్మ తాళంచెవితో తెల్ల పొర గీకి, తమలపాకుకు రాసి, వక్కతో నమిలింది. ఎంత నమిలినా నోరు ఎర్రబడలేదు.

"కాల్చని రాయి కదమ్మా, యాడ పండుతుంది?" అన్నాడు గైడు.

"రాయికేమప్పా, బాగానే ఉండాది. నోరు పండలేదంటే, ఆడ ఇంట్లో ఉండే మొగుడికే నా మీద ప్రేమ లేదు!" అంది.

అత్తమ్మ అక్కడే మరిచి వచ్చిన సున్నపు డబ్బీ మీరే తీసుకుని బస్సెక్కండి. ఆవును పక్కింటి పిల్లమ్మకు అప్పజెప్పండి. మామిడి పిందె నిలిచిందా? వచ్చి, మీ చేత్తో ఆకు మడిచి ఇవ్వండి. డబ్బీ సున్నంతో ఎలాగూ పండుతుంది.

మీ దీవెనలు కోరే నేత్ర.

తా.క. గైడు మాట నిజమో కాదోనని నేనూ ఆ రాతిపొడితో ఒక ఆకు నమిలాను. నాకూ పండలేదు. మీ అబ్బాయికి కూడా ఆకు మడవడం నేర్పించండి.