ఖాళీ అయిన ముందు బెంచీలు

శనివారం రాత్రి, యీషున్

సునీత గారిది మా ఊరే. ఈ పరాయి దేశంలో మా చిన్ని, వాళ్ళ ఆర్యన్ ఒకే క్లాసు. అయినా ఈ సంగతి ఇవాళే, హౌగాంగ్‌లో వాళ్ళింట్లో భోజనాల దగ్గర బయటపడింది.

“మన ఊరేనా! ఏ వీధండీ మీది?”

“పెద్ద బడి వెనకాల” అన్నాను. అబద్ధం కాదు. బడి వెనక కాలవ దాటితే మా పేట.

“నేనూ నాలుగోక్లాసు దాకా అక్కడేనండీ. పేటలో బడి మూసేసి ఆ పిల్లల్ని మాలో కలిపేసరికి, నాన్నగారు మాన్పించేసి కాన్వెంటు బస్సెక్కించేశారు. మా వీధిలో అందరూ అంతే. పాపం, బడి పాడైపోయింది” అంటూ నా కంచంలో ఇంకో గారె వేశారు.

ఆ పిల్లల్లో నేనొకదాన్ని. మొదటిరోజు అమ్మ కొత్త రిబ్బన్లు కడుతూ “ఇక అందరూ కలిసే కూర్చుంటారే” అంది. వారం తిరిగేసరికి ముందు బెంచీలన్నీ ఖాళీ. మాస్టారు మమ్మల్ని ముందుకు రమ్మంటే సంబరపడ్డాను కూడా!

ఆవిడ వేసిన గారె తుంచి, “గారెలు బాగున్నాయండీ” అన్నాను.

వచ్చే నెల వాళ్ళమ్మగారు వస్తున్నారట. “అమ్మకి ఊళ్ళో అందరూ తెలుసు. మీరెవరి తాలూకో ఇట్టే చెప్పేస్తుంది” అన్నారు సునీత గారు. వద్దనడానికి ఏం కారణం చెప్పను?

తిరిగొస్తుంటే ట్రైన్‌లో చిన్నికి దాని బెంగ దానిది. “ఆర్యన్ నా పక్కనే కూర్చోవాలి. టీచర్ సీట్లు ఛేంజ్ చేస్తే, ఐ డోంట్ వాంట్ లా!” అంది, ఇక్కడి పిల్లల యాసలో.

“ఎవరూ మార్చరులే” అన్నాను, ఆ రోజు రిబ్బన్లు కడుతూ అమ్మ చెప్పినంత నమ్మకంగా.