ఫొటోలో లేని కాయలు

నాన్నకు, మీ కూతురు కులాసా, కోపంగా ఉందంతే. ఫ్యాషన్ పత్రికలో నా ఫొటో చూసి, పిల్ల ఫిడేలు సాధన మానేసిందని మీరు అనుకునేలోగా ఈ కార్డు అందాలి. మీరు మొహం కన్నా ముందు వేళ్లే చూస్తారు కదా. తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిన నా వేళ్లను వాళ్లు కంప్యూటర్లో నున్నగా చేసేశారు. నిలదీస్తే ఫొటోగ్రాఫరు, “మచ్చలు తీసేశాం మేడమ్, చెయ్యి ఎంత బాగుందో చూడండి” అన్నాడు. చిన్నప్పటి నుంచి మీరు ఎదురుగా కూచుని కాయించిన కాయలు ఆయనగారికి మచ్చలట. ఒళ్లు మండి, “అయితే ఆ చేత్తో మీరే వాయించుకోండి” అని వచ్చేశాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? తమ్ముడు వచ్చి వెళ్తున్నాడా? అమ్మ ఆ ఫొటో గోడకు తగిలిస్తానంటుంది, వద్దనండి. ఇద్దరికీ దండాలు. కింద సంతకం బదులు చూపుడువేలికి సిరా పూసి నొక్కాను. ముద్ర మధ్యలో తీగ గాడి తెల్లగా పడింది, చూడండి. తగిలిస్తే దీన్ని తగిలించమనండి.