కుడి అంచు, ఎడమ అంచు

ఖాదరన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ప్రొద్దుటూరులో నీ లేడీస్ టైలర్ అంగడిని ఇప్పుడు నీ కూతురు షాహీన్ నడుపుతోంది. ఈ వారం తను కుట్టింది చూస్తే నువ్వు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసేవాడివి.

పులివెందుల కాలేజీ పిల్ల ఒకతె బెంగళూరులో వేషాల పోటీకి పోతోంది. ముందు ఒక అంచు మీద ఇంకో అంచు వేసి కట్టుకునే జపాన్ వాళ్ల కిమోనో కావాలంది, దాని మీద ఆవిరి యంత్రాల కాలపు హంగులు ఉండాలంది. స్టీమ్‌పంక్ అంటారట. షాహీన్ జమ్మలమడుగు నేతబట్టతో కిమోనో కుట్టి, తోలు పట్టీలు, పాత గడియారాల ఇత్తడి చక్రాలు బిగించింది.

ఈ ఉదయం నేను అంగట్లో ఉండగానే ఆ పిల్ల వచ్చి తొడుక్కుంది. అద్దంలో చూసుకుని, "అక్కా, జపాన్‌లో కుడి అంచు పైకేసేది శవానికేనంట," అనింది.

ఆడవాళ్ల చొక్కాకు కుడి అంచే పైకి రావాలని నేర్పింది నువ్వే. షాహీన్ అలాగే కుట్టింది. పట్టీలన్నీ విప్పితే తప్ప అంచు మారదు. సాయంత్రమే బస్సు.

"పోనీలేమ్మా, ఆడ ఎవురు చూస్తారు?" అన్నాను నేను.

"చిన్నాయనా, మట్టి చేసే ముందు నాయనకు కఫన్ బట్ట చుట్టేటప్పుడు నువ్వు ఆడనే ఉంటివి గదా. ఏ అంచు పైకేసినారు?"

"కుడిది."

షాహీన్ నీ కత్తెర తీసుకుని మొదటి పట్టీ కుట్టు తెంపింది. "కూచో పాపా, బస్సు టైముకు ఇస్తా," అనింది.

ఇచ్చింది, ఎడమ అంచు పైకి తెచ్చి. నువ్వు నేర్పినదానికి ఎదురు కుట్టడం తనకు ఇదే మొదటిసారి. ఒక్క కుట్టు వంకర పోలేదన్నా.