పుస్తకానికి అటువైపు

ఏడెన్, ఆదివారం

తమ్ముడు జకరియాకు, అక్క హమామా దీవెనలు. మీ బావ గురించి కంగారు పడకు. జ్వరం తగ్గింది, గొంతు మాత్రం ఇంకా పెగలడం లేదు.

ఆయన పాఠాలు చెప్పే బడి మూతపడితే పిల్లలను దుకాణాల్లో పనికి పెడతారు. అందుకని ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని హీబ్రూ పాఠం నేనే చదివించబోయాను. ఉన్న ఒక్క పుస్తకం చుట్టూ పిల్లలు కూర్చున్నారు. గురువు చోట కూర్చున్న నేను తిన్నగా ఉన్న అక్షరాలు ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. గుమ్మంలో నిలబడిన పెద్దాయన యేషువా, "ఏమ్మా, మీ నాన్న నీకు నేర్పింది ఇంతేనా?" అన్నాడు.

"నాన్న నేర్పింది తమ్ముడికి, తాతా. నేను ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు ఒలిచేదాన్ని."

లేచి అటువైపు కూర్చున్నాను. అక్షరాలు నేనెరిగినట్టే తలకిందులుగా కనిపించాయి. కిటికీలోంచి సముద్రపు గాలి, ఎక్కడిదో ఉల్లిపాయల వాసన. నా నోరు దానంతటదే రాగం ఎత్తుకుంది.

"అమ్మగారు మా వైపే," అంటూ ఎదురు వరస పిల్లలు జరిగారు. మీ బావ నవ్వబోయి దగ్గాడు.

"మా రోజుల్లోనూ అందరికీ ఒక్కటే పుస్తకం. నాకు పక్కనుంచి చదవడమే వచ్చు. కానీయ్," అని యేషువా చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు.

బావ గొంతుకు మీ అస్మారా తెల్ల తేనె ఒక సీసా పంపు. అమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నారా? నా బూడిదరంగు శాలువా అక్కడే ఉందా?

పాఠం మధ్యలో తలెత్తితే, పుస్తకానికి అవతల చిన్నప్పటి నువ్వు తప్పులు చదువుతూ కనిపిస్తావు. అప్పుడు నిన్ను దిద్దే వీలు లేదు, ఇప్పుడు ఈ పిల్లలను దిద్దుతున్నాను. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.