రెక్కల సూటు కొలత

ఖమ్మం, 12-8-2007

తమ్ముడు ఇద్రీస్‌కు అక్క దీవెనలు.

విమానంలోంచి దూకేటప్పుడు వేసుకునే రెక్కల సూటు ఈసారి పెద్దది తీసుకోనా అని అడిగావు. మిషన్ కుట్టేదాన్ని కదా, రెండు దుప్పట్లతో అలాంటిదే కుట్టి తొడుక్కున్నాను. పారాచూట్ పిడి లాగినట్టు మూడుసార్లు చెయ్యి వెనక్కి పెట్టి చూస్తే, బట్ట అడ్డుపడి ఒక్కసారి కూడా నడుము వెనక్కి అందలేదు. భయమేసి ఏడ్చాను. మీ బావ చూసి, "ఏడుస్తవేంది? వాడు నేర్చుకుంటడు. జల్దీ చెయ్యొద్దని రాయి" అన్నారు.

చిన్న సూటులో నువ్వు చూడకుండానే నీ చెయ్యి ఆ పిడిని పట్టుకునేదాకా, మీ కోచ్ సరేననేదాకా ఆగు. తర్వాత పెద్దది వేసుకో.

అమ్మీకి నీ ఫోటో చూపించాను. "అవ్, నా కొడుకు గబ్బిలం లెక్క ఉన్నడు" అని నవ్వింది. ఎక్కడి నుంచి దూకుతావో నేను చెప్పలేదు. వచ్చినప్పుడు పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని నువ్వే చెప్పు.

నీ అక్క