నోట్లో గుడ్లున్న చేప

ప్రొద్దుటూరు, 1957 జూలై, ఆదివారం

గడియారాలు బాగుచేసే మస్తాన్ మామ మలయా వాగుల నుంచి తెప్పించుకున్న అరుదైన చేప వారంగా ఏమీ తినడం లేదు. ఇవాళ అంగట్లో అందరి ముందూ ఆయన మీద అరిచాను. "మామా, నోరులేని జీవిని పస్తులు పెడ్తాండావే!" ఆయన వద్దంటున్నా వినకుండా, నేనే తినిపిద్దామని గాజుతొట్టిలోంచి దాన్ని చేత్తో పట్టి తీశాను. అది విలవిల్లాడి, నోట్లోంచి గుడ్లు కక్కేసింది.

మామ తిట్టలేదు. "తండ్రి చేపప్పా అది. పిల్లలయ్యేదాకా గుడ్లు నోట్లోనే పెట్టుకోనుంటాది. ఇంగ యాడ తింటాది? నీ పుస్తకాల్లో రాయలేదేమో."

నేల మీది గుడ్లను ఆయన ఒక్కొక్కటే ఏరుతుంటే, ఆకలి మీద ఊళ్లో పంచమని పార్టీ వాళ్లిచ్చిన జేబులోని కరపత్రాలు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం మేత వేస్తే, నోరు ఖాళీ అయిన చేప గబగబా తిన్నది. నేను అరిచింది దానికోసమే కదా.