పట్టాలు లేని రైలింజను

వోబ్రే గ్రామం, నార్మండీ
1946 మే

యుద్ధవిమాన చిత్రాల గోదాము, ఇంగ్లండు. అక్కడి అధికారి గారికి ఒగుస్త్ లెపెల్తియే నమస్కారాలు.

నేను ఆపిల్ సారా కాచేవాణ్ని. నా బట్టీకి చక్రాలుండేవి. గుర్రాన్ని పూన్చి ఊరూరా తిప్పేవాణ్ని. రెండేళ్ళ కిందట మే నెలలో, మా పెరట్లో కాస్తుండగా మీ విమానం వచ్చి దాన్ని పేల్చేసింది. విమానం తుపాకుల పక్కన కెమెరా ఉంటుందని తర్వాత మా ఊరొచ్చిన మీ సైనికులు చెప్పారు. ఆ ఫిల్ములోంచి నాకొక ఫొటో కావాలి. నష్టపరిహారం అక్కర్లేదు.

ఇట్లు
లెపెల్తియే

తా.క.: మీ పైలట్ గురి మంచిది. పక్కనే ఉన్న పన్నుల ఇన్‌స్పెక్టర్ సైకిలుకి గీతైనా పడలేదు. ఊరివాళ్ళ బాధల్లా అదే.

చిత్రాల గోదాము
జూన్

మెస్యూ లెపెల్తియే గారికి,

మీ ఉత్తరం అందినది. మా రికార్డు ప్రకారం ఆ రోజు ఆ చోట ధ్వంసమైనది సారా బట్టీ కాదు, శత్రువుల రైలింజను. పొగగొట్టం, ఆవిరి, సిబ్బంది ఇద్దరు అని పైలట్ నివేదిక. ముగ్గురు అధికారులు ధ్రువీకరించారు. కావున ఇంజను నంబరు, మీ పై అధికారి పేరు వెంటనే తెలుపగలరు.

భవదీయుడు
సార్జెంట్ ఎల్మర్ హాస్కిన్స్

తా.క.: బొగ్గు వేసే మనిషి లావుగా ఉండి, గౌను తొడుక్కున్నట్టు రాసి ఉంది. మారువేషం దేనికో కూడా తెలుపవలెను.

వోబ్రే
జూన్

సార్జెంట్ గారికి నమస్కారం.

మా ఊళ్ళో రైలు పట్టాలే లేవు. మీ ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ కాఫీ కొట్లో పైకి చదివాడు. అప్పట్నుంచీ నేను కనిపిస్తే చాలు, "ఏం డ్రైవరూ, పారిస్ బండి ఎన్నింటికి?" అంటున్నారు. పోలీసు వచ్చి గడ్డివాము కింద ఇంజను కోసం వెతికాడు.

ఆ బొగ్గు వేసింది నా భార్య జెలీ. మొన్న చలికాలం జ్వరంతో పోయింది. ఎప్పుడూ ఫొటో తీయించుకోలేదు. "ఎదురుగానే ఉన్నానుగా, మళ్ళీ ఫొటో దేనికయ్యా?" అనేది. అదీ నిజమే అనుకున్నాను.

విమానం రాగానే నేను కాలవగట్టు కింద బోర్లా పడ్డాను. తను ఇంట్లోకి పరిగెత్తి ఉంటుంది. నేను లేచి వెళ్ళేసరికి ఇంట్లో పొయ్యి దగ్గర ఉంది. "లేచావా? ఆ బురద ఉతకాల్సింది నేనే" అంది. అంతే, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పరిగెడుతున్నప్పటి వీపు కనబడినా నాకు చాలు.

మీ
లెపెల్తియే

తా.క.: గౌను మారువేషం కాదు, పెళ్ళికి కుట్టించుకున్నదే. లావు అన్న మాట ఆవిడ వినలేదు. మీ అదృష్టం.

చిత్రాల గోదాము
జూలై

మెస్యూ లెపెల్తియే గారికి,

మీ భార్య విషయం చదివి బాధపడ్డాను. కాని ఇంజనును బట్టీగా మార్చాలంటే ఆ ముగ్గురు అధికారులు మళ్ళీ కూర్చోవాలి. వాళ్ళు సముద్రం దాటి స్వదేశం వెళ్ళిపోయారు. ఇక్కడ నేనూ తాళంచెవీ మిగిలాం. నెలాఖరుకు ఫిల్ములన్నీ కాల్చేయమని ఆజ్ఞ.

ఒక్కటే దారి ఉంది. శత్రు సిబ్బంది విచారణ కోసమైతే ఫిల్ము బయటికి తీయవచ్చు. డ్రైవరును నేనేనని మీరు ఒప్పుకుని సంతకం చేయాలి.

హాస్కిన్స్

తా.క.: సారా బట్టీ అనే మాట ఎక్కడా రాయకండి. మీ మీద అనుమానం వస్తుంది.

వోబ్రే
జూలై

సార్జెంట్ గారికి,

ఆ ఇంజను డ్రైవరును నేనే. పట్టాలు లేకుండా పెరట్లో నడిపాను. బొగ్గు వేసింది నా భార్య. పై అధికారీ ఆవిడే. ఇది నిజమని సంతకం చేస్తున్నాను.

సాక్షి సంతకం పెడుతూ పోస్ట్‌మ్యాన్, "జైల్లో వేస్తారేమో ముసలోడా!" అన్నాడు. "వేస్తే వేశారు, పక్కన ఇంకో మనిషైనా ఉంటాడు" అన్నాను. వాడు మరి నవ్వలేదు.

ఒగుస్త్ లెపెల్తియే, డ్రైవరు

తా.క.: ఇంజను నంబరు పదమూడు. మా గుర్రం వయసు.

చిత్రాల గోదాము
జూలై చివర

ప్రియమైన లెపెల్తియే గారికి,

ఫిల్ము చూశాను. మా కెమెరా తుపాకీ మీట నొక్కినంతసేపే తిరుగుతుంది. అందుకే ఇక్కడి ఫిల్ముల్లో మనుషులు కనబడితే పరిగెడుతూనే కనబడతారు. రెండేళ్ళుగా నేను చూస్తున్నది అదే.

మీ భార్య ఇంట్లోకి పరిగెత్తలేదు. కాలవగట్టు మీద నిలబడి ఉంది. నడుముకు కట్టుకున్న ఏప్రనును రెండు చేతులా పట్టుకుని, కిందున్నదేదో కనబడకుండా విమానానికి అడ్డంగా చాచింది. ఫిల్ము అయిపోయేదాకా కదల్లేదు. ఆ కిందున్నది ఏమిటో మా అధికారులు రాయలేదు. మీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది.

ముఖం ఆనదు. మనిషి గోరంత ఉంది. ఫొటో ఇందులో పెట్టాను.

మీ
ఎల్మర్

తా.క.: ఈ ఫొటోకే ఇంకో ప్రతి తీసి నా గది గోడకు పెట్టుకున్నాను. ఇంతకుముందు ఆ గోడ మీద ఎవరూ లేరు. మీరు తీసేయమంటే తీసేస్తాను. కాస్త ఆలస్యంగా జవాబు రాయండి.